నీటిపాలు కాని పటం

మన వైపు పటం కథలు చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. కూనపులివారు వచ్చి, గజాల కొద్దీ పొడవున్న గుడ్డ పటం విప్పి, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. పటం చిరిగితే నీటిలో వదలడం ఆచారం. దాన్ని గీసిన నకాషీ ఎవరని అడిగినవారు తక్కువ.

ఆ ధ్యాస జగదీశ్ మిత్తల్‌ను పట్టుకుంది. ఝాన్సీలో పుట్టి, శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్చి, 1951లో హైదరాబాదు వచ్చిన ఆయన భార్య కమలతో కలిసి పాత చిత్రాల కోసం వెతికారు. సేకరించినదంతా ఇంట్లో దాచుకోలేదు. 1976లో మ్యూజియం ట్రస్టుకు అప్పగించారు. పటాలపైనే 2014లో గ్రంథం వెలువరించారు. 2025లో కన్నుమూశారు.

వాటిలో ఒక పటం సుమారు 1625 నాటిది. కుతుబ్ షాహీల కాలం! అందులో ఉన్నది భావనారుషి కథ, అంటే మన పోచంపల్లి మగ్గాలవారి మూలపురుషుని కథ. ఆచారం ప్రకారమైతే అది ఏనాడో నీటిలో కలవవలసింది.