గాలికీ కార్తెలున్నాయి

పిల్లలూ! ఎండ బాగా కాస్తున్న రోజున, పొద్దున పదకొండు గంటల వేళ, మార్కాపురం పలకల గనుల పక్కన రోడ్డు మీద నిలబడి ఆకాశం వైపు చూడండి. పారబోసిన పలకరాతి ముక్కల కుప్పల పైన గద్ద ఒకటి గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది. అది రెక్క ఆడించదు. అయినా చుట్టు చుట్టుకూ పైకి పోతూనే ఉంటుంది. కాసేపటికి చుక్కంత అవుతుంది. బరువున్న వస్తువు కిందికి పడాలి కదా! మరి గద్ద పైకి ఎలా పోతున్నది?

ఒకసారి ఈ పాఠం చెబుతుండగా వెనుక బెంచీ నుంచి ఒక విద్యార్థి లేచి, "సార్, మన గిద్దలూరు కొండల మీద కూడా పారాగ్లైడింగ్ పోటీలు పెట్టవచ్చు కదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు అవును అనో కాదు అనో ఒక్క మాటలో చెప్పలేము. గద్ద రహస్యం తెలుసుకుంటూ ఆ జవాబును వెదుకుదాం.

గుడ్డతో కుట్టిన రెక్క

పారాగ్లైడరు అంటే నైలాను గుడ్డతో కుట్టిన పెద్ద రెక్క. అందులో గట్టి చట్రం ఉండదు. ముందు అంచున ఉన్న నోళ్లలోంచి గాలి లోపలికి దూరి, గదులు గదులుగా ఉన్న రెక్కను దిండు మాదిరిగా ఉబ్బిస్తుంది. సన్నని గట్టి తాళ్లకు వేలాడే కుర్చీలో మనిషి కూర్చుంటాడు. ఇంజను లేదు. మరి ముందుకు నడిపేది ఏది? భూమి ఆకర్షణే! జారుడుబండ మీద మీరు జారినట్లు, ఈ రెక్క గాలి మీద జారుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. రెక్క సెకనుకు 10 మీటర్లు ముందుకు పోతూ, 1 మీటరు కిందికి దిగుతుందనుకోండి. 300 మీటర్ల ఎత్తున్న కొండ మీదనుంచి బయలుదేరితే 300 సెకన్లలో, అంటే 5 నిమిషాలలో, నేల తాకుతుంది. పోయిన దూరం 3 కిలోమీటర్లు. అంతే! కాని 2019 అక్టోబరులో బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగంలో ముగ్గురు పైలట్లు ఇటువంటి రెక్కల మీదనే ఒకే రోజులో 582 కిలోమీటర్లు పోయారు. అక్కడి నేల కూడా మన పడమటి ప్రకాశం నేల వంటిదే. వానలు తక్కువ, ముళ్ల పొదలు ఎక్కువ. వారికి గద్ద రహస్యం తెలుసు.

పలకరాయి, చెరువు నీరు

సూర్యుడు గాలిని నేరుగా వేడి చేయడు. మొదట నేలను వేడి చేస్తాడు. నేల తన మీది గాలిని వేడి చేస్తుంది. అయితే అన్ని చోట్లా నేల ఒకే విధంగా వేడెక్కదు. ఒక గ్రాము నీటిని 1 డిగ్రీ వేడి చేయడానికి 1 కాలరీ కావాలి. ఒక గ్రాము రాతికి అందులో అయిదో వంతు చాలు. పైగా పలకరాయి నల్లగా ఉంటుంది. ఎండను బాగా పీల్చుకుంటుంది. అందుచేత పలకరాతి కుప్ప మధ్యాహ్నానికి కాలిపోతుంటే, కంభం చెరువు నీరు చల్లగానే ఉంటుంది.

వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. దాని సాంద్రత తగ్గుతుంది. చుట్టూ ఉన్న చల్లని గాలి దానిని పైకి నెడుతుంది. ఇలా పైకి లేచే వేడిగాలి స్తంభాన్ని థర్మల్ అంటారు. గద్ద ఈ స్తంభం దాటి పోకుండా అందులోనే గుండ్రంగా తిరుగుతుంది. పైలటు చేసేదీ అదే. గాలి సెకనుకు 3 మీటర్లు పైకి లేస్తూ, రెక్క 1 మీటరు దిగుతుంటే, మిగిలే లాభం 2 మీటర్లు. 500 సెకన్లలో, అంటే ఎనిమిది నిమిషాలు దాటగానే, 1,000 మీటర్ల ఎత్తు చేతికి వస్తుంది. ఆ ఎత్తును ఖర్చు పెట్టి 10 కిలోమీటర్లు జారి, ఇంకొక థర్మల్‌ను పట్టుకోవాలి. పోటీలలో నిర్వాహకులు ముందుగా నిర్ణయించిన మలుపులన్నీ దాటి, గమ్యానికి ఎవరు త్వరగా చేరితే వారు గెలిచినట్లు.

ఏ నెలలో ఏ గాలి?

మన రైతు కార్తెలు చూసి సేద్యపు పనులు నిర్ణయించుకుంటాడు. ఎగిరేవారు కూడా అంతే. ఏడాది మొదట్లోనే కాగితం మీద నెలలు రాసుకుని, ఎక్కడ నేర్చుకోవాలి, ఎక్కడ సాధన చేయాలి, ఏ పోటీకి పోవాలి అని ఏర్పాటు చేసుకుంటారు.

హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్ మన దేశంలో పేరుపడ్డ పారాగ్లైడింగ్ చోటు. వానలు వెళ్లిపోయిన అక్టోబరు, నవంబరు నెలలలో అక్కడ గాలి తేటగా, థర్మల్స్ నిలకడగా ఉంటాయి. 2015 అక్టోబరులో ప్రపంచ కప్పు పోటీ జరిగింది అక్కడే. జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు ఆ రాష్ట్రంలో ఎగరడం నిషేధం. పుణె దగ్గరి కామ్‌షెట్‌లో వానాకాలం తప్ప మిగిలిన నెలలలో శిక్షణ ఇస్తారు. మనకు చలికాలమైన ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలో ఎండాకాలం. కనుక అక్కడి పోటీలు అప్పుడు. ఆల్ప్స్ కొండలలో జూన్ నుంచి ఆగస్టు వరకు. సూర్యుడు ఎటు నడిస్తే పోటీలు అటు నడుస్తాయన్నమాట.

ఇక మన ప్రాంతానికి వద్దాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలకు థర్మల్స్ బలంగానే పుడతాయి గాని, మరీ బలంగా పుడతాయి. రెక్కను కుదిపి మడిచివేయగలవు. మృగశిర వచ్చాక పడమటి గాలి జోరందుకుంటుంది. మార్కాపురం, గిద్దలూరు నల్లమలకు తూర్పున ఉన్నాయి. కాబట్టి ఆ గాలి కొండ దాటి మన మీదికి దిగుతుంది. గుండ్లకమ్మ పారేటప్పుడు పెద్ద బండ వెనుక నీరు ఎలా సుడులు తిరుగుతుందో చూశారా? కొండ వెనుక గాలి కూడా అలాగే సుడులు తిరుగుతుంది. నీటి సుడి కంటికి కనిపిస్తుంది. గాలి సుడి కనిపించదు. పైగా పారాగ్లైడరు ఎప్పుడూ గాలికి ఎదురుగా పరుగెత్తి లేవాలి. తూర్పు వాలు మీద నిలబడితే పడమటి గాలి వెనుకనుంచి తోస్తుంది. కనుక జూన్ నుంచి ఆగస్టు దాకా కొట్టివేయండి. అక్టోబరు, నవంబరులలో బంగాళాఖాతపు వాయుగుండాల భయం ఉంటుంది.

మిగిలింది చలికాలం. తెల్లవారుజామున వంటింటి పొగ పైకి పోక, ఇళ్ల మీద చాపలా పరుచుకోవడం మీరు చూసే ఉంటారు. నేల రాత్రి చల్లబడి, అడుగున చల్లగాలి, పైన వెచ్చని గాలి ఉండడమే దానికి కారణం. అప్పుడు థర్మల్స్ పుట్టవు. దూరం పోవడానికి అది పనికిరాదు గాని, కొత్తగా నేర్చుకునేవారికి అటువంటి నెమ్మది గాలే మేలు.

కార్తె వచ్చినంత మాత్రాన

రైతు కార్తె వచ్చిందని విత్తడు. వాన పడి పదునైతేనే విత్తుతాడు. ఎగిరేవారు కూడా తేదీ వచ్చిందని ఎగరకూడదు. ఎందుకో చెప్పే సంఘటన ఒకటి ఉంది.

2007లో ఆస్ట్రేలియాలోని మనిల్లా అనే ఊరి దగ్గర ప్రపంచ పోటీలు జరగవలసి ఉంది. వాటికి ముందు సాధన కోసం చాలా దేశాలవారు చేరారు. ఫిబ్రవరి 14న జర్మనీ జట్టుకు చెందిన ఎవా విష్నీర్‌స్కా అనే పైలటును ఉరుముల మేఘం లోపలికి లాక్కుంది. ఒక గ్రాము నీటి ఆవిరి మేఘంగా మారేటప్పుడు దాదాపు 600 కాలరీల గుప్తోష్ణం విడుదలవుతుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి, ఇంకా వేగంగా ఎత్తుతుంది. ఆమెను 9,946 మీటర్లకు, అంటే ఎవరెస్టు శిఖరం కంటే ఎత్తుకు, తీసుకుపోయింది. ప్రాణవాయువు చాలక స్పృహ తప్పింది. ఒంటి మీద మంచు పేరుకుంది. అరగంటకు పైగా రెక్క తనంతట తానే ఎగిరింది. కిందికి వచ్చాక ఆమెకు తెలివి వచ్చి, ప్రాణంతో దిగింది. అదే తుఫాను మేఘంలో చిక్కుకున్న చైనా పైలటు హె జోంగ్‌పిన్ మాత్రం మరణించాడు. ఇద్దరూ అనుభవమున్నవారే. నెల మంచిదే. చెడ్డది ఆ రోజు.

అందుకే అనుభవజ్ఞులు తమ ఏర్పాట్లలో ఎగరని రోజులకు కూడా చోటు ఉంచుకుంటారు. వారం రోజుల పోటీలో రెండు మూడు రోజులు రద్దు కావచ్చు. "ఇంత దూరం వచ్చాము, ఖర్చు పెట్టాము, ఎగరకుండా ఎలా పోతాము?" అనే ఆలోచనే అన్నిటికంటె ప్రమాదకరమైన గాలి!

విద్యార్థి ప్రశ్నకు జవాబు

నల్లమల అడవిలో చాలా భాగం పులుల అభయారణ్యం. కింద అంతా చెట్లు. దిగడానికి చోటు దొరకదు. కనుక అక్కడ పోటీలు వద్దు. అడవికి బయట, చెట్లు లేని చిన్న గుట్ట మీద, చలికాలపు ఉదయం, నిపుణుల దగ్గర శిక్షణకైతే వీలుండవచ్చు. కాని "ఉండవచ్చు" అంటే చాలదు. లెక్క కావాలి.

ఆ లెక్క మీరే తయారు చేయండి. పాఠశాల ఆవరణలో ఒక కర్రకు రంగు గుడ్డ పేలిక కట్టండి. రోజూ ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు గాలి ఏ దిక్కునుంచి వస్తున్నదో, పేలిక వేలాడుతున్నదో, ఊగుతున్నదో, నిటారుగా చాచుకుని ఉన్నదో నోటుపుస్తకంలో రాయండి. మేఘాల ఆకారం, గద్దలు తిరిగిన సమయం కూడా రాయండి. సెలవు రోజులకు వంతులు వేసుకోండి. ఏడాది పూర్తయ్యేసరికి మీ ఊరి గాలి కార్తెలు మీ చేతిలో ఉంటాయి.

ఒక్క హెచ్చరిక. గొడుగులు, దుప్పట్లు పట్టుకుని గోడల మీదనుంచి, గుట్టల మీదనుంచి ఎవరూ దూకకండి. గద్ద పిల్ల కూడా రెక్కలు గట్టిపడేదాకా గూటి అంచునే కూర్చుని గాలిని గమనిస్తుంది. ప్రస్తుతానికి మన పని కూడా గమనించడమే.