అంతర్జాతీయ డిప్లొమాలో పాఠ్యాంశాల ఎంపిక, మాతృభాష స్థానం: ఆదోని, ఎమ్మిగనూరు నేపథ్యం

కీలకపదాలు: ఐబీ డిప్లొమా, ఇంటర్మీడియట్, మాతృభాష, ఆదోని, ఎమ్మిగనూరు, సుగ్గి.

ఉపోద్ఘాతం:

2024 జనవరి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. 2025-26లో ఒకటో తరగతితో ప్రారంభించి ఏటా ఒక్కో తరగతికి విస్తరింపజేయాలన్నది నాటి ప్రణాళిక. ప్రభుత్వం మారిన తర్వాత అది ముందుకు సాగలేదు. అయినా ఆ చదువులో తెలుగు విద్యార్థి ఏయే విషయాలు ఎంచుకోవాలి, అందులో అతని మాతృభాషకు చోటెక్కడ అనే ప్రశ్నలు పరిశీలింపదగినవి. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి వినిపించే కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని వాటిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. డిప్లొమా నిర్మాణం:

ఐబీ సంస్థ 1968లో జెనీవాలో ఏర్పడింది. 16 నుంచి 19 ఏళ్ల వయసువారికి ఉద్దేశించిన దాని డిప్లొమా రెండేళ్ల కార్యక్రమం. విద్యార్థి ఆరు విషయాలు చదవాలి. అవి భాషాసాహిత్యాలు, మరొక భాష, సామాజికశాస్త్రాలు, విజ్ఞానశాస్త్రాలు, గణితం, కళలు అనే ఆరు వర్గాలకు చెందినవి. కళలకు బదులు ఇతర వర్గాలలోని మరో విషయాన్ని తీసుకోవచ్చు. సాధారణంగా మూడింటిని 240 గంటల ఉన్నతస్థాయిలో, మూడింటిని 150 గంటల ప్రామాణికస్థాయిలో అభ్యసిస్తారు. వీటితోపాటు జ్ఞానమీమాంస, 4,000 పదాలకు మించని పరిశోధనవ్యాసం, సృజన-శారీరకశ్రమ-సేవా కార్యక్రమాలు తప్పనిసరి. ప్రతి విషయానికి గరిష్ఠంగా 7 పాయింట్లు. జ్ఞానమీమాంస, వ్యాసం రెంటికీ కలిపి 3. మొత్తం 45. ఉత్తీర్ణతకు కనీసం 24 పాయింట్లు రావాలి. అందులో ఉన్నతస్థాయి విషయాల మూడింటిలో కలిపి 12, ప్రామాణికస్థాయి మూడింటిలో 9 తగ్గరాదు.

2. ఎంపికలోని చిక్కు:

మన ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ వంటి గ్రూపును ఎంచుకోగానే ప్రధాన విషయాలన్నీ నిర్ణయమైపోతాయి. డిప్లొమాలో విద్యార్థే వాటిని కూర్చుకోవాలి. ఇంజనీరింగ్ కోరుకునేవారు గణితాన్నీ భౌతికశాస్త్రాన్నీ ఉన్నతస్థాయిలో తీసుకొని, కళల స్థానంలో రసాయనశాస్త్రం చేర్చుకోవచ్చు. వైద్యవిద్యకు వెళ్లదలచినవారి పరిస్థితి వేరు. నీట్ అర్హతకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ కావాలి. డిప్లొమా సాధారణ నియమావళిలో రెండు విజ్ఞానశాస్త్రాలకే అవకాశం ఉంది. మూడోదానికి, విశ్వవిద్యాలయ ప్రవేశ నిబంధనను చూపి పాఠశాల ముందుగానే ప్రత్యేక అనుమతి పొందాలి. ఈ సంగతి ఆలస్యంగా తెలిస్తే విద్యార్థి రెండేళ్ల శ్రమ తప్పుదారి పట్టే ప్రమాదముంది.

3. మాతృభాష స్థానం:

డిప్లొమా మొదటి వర్గంలో సాహిత్యాధ్యయనం తప్పనిసరి. జాబితాలో లేని భాషకు కూడా, తగినంత లిఖితసాహిత్యం ఉన్నప్పుడు, పాఠశాల ప్రత్యేకంగా అభ్యర్థించే వీలుంది. బోధించే అధ్యాపకుడు లేనిచోట పాఠశాల సహకారంతో స్వయంగా చదువుకునే పద్ధతి ప్రామాణికస్థాయిలో ఉంది. ప్రామాణికస్థాయిలో 9, ఉన్నతస్థాయిలో 13 రచనలు చదవాలి. వాటిలో కొన్ని అనువాదాలు. మాతృభాషా సాహిత్యాన్ని ఇలా చదివి, సామాజిక లేదా విజ్ఞానశాస్త్రాన్ని ఆంగ్లంలో పూర్తిచేసి, రెంటిలోనూ కనీసం 3 పాయింట్లు పొందినవారికి ద్విభాషా డిప్లొమా లభిస్తుంది.

మన ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం తెలుగుకు బదులు సంస్కృతం తీసుకోవడం చిరకాలంగా ఉన్నదే. 2025-26 నుంచి ద్వితీయభాష స్థానంలో మరో విషయాన్ని ఎంచుకునే వెసులుబాటు కూడా వచ్చింది. విదేశీ విధానం మాతృభాషకు తలుపు తెరుస్తుండగా, స్వదేశీ విధానంలో అది ఐచ్ఛికమైపోవడం గమనార్హం.

4. ప్రాంతీయ వాస్తవం:

ఆదోని పత్తి మార్కెట్‌కు పేరొందింది. ఎమ్మిగనూరు చేనేతకు నిలయం. ఇక్కడ మాచాని సోమప్ప 1938లో నేతకార్మికుల సహకార సంఘాన్ని స్థాపించారు. మార్కెట్ యార్డులో ధరల నిర్ణయం, చేనేత సహకారోద్యమ చరిత్ర - ఈ రెండూ డిప్లొమా పరిశోధనవ్యాసానికి తగిన అంశాలే. కానీ ఇదే ప్రాంతంలో కోసిగి, పెద్దకడబూరు వంటి మండలాల నుంచి అనేక కుటుంబాలు మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు ‘సుగ్గి’కి వెళ్తాయి. పిల్లలూ వెంట వెళ్లడంతో చదువు నెలల తరబడి ఆగిపోతుంది. నిరంతర అంతర్గత మూల్యాంకనం, నెలల పొడవునా సాగే సేవాకార్యక్రమాలు ఉన్న డిప్లొమాలో హాజరు తెగిపోతే విద్యార్థి నిలదొక్కుకోవడం కష్టం.

ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. డిప్లొమాలో స్వేచ్ఛ ఉంది గాని, సరైన సలహా లేకపోతే ఆ స్వేచ్ఛే భారమవుతుంది. మాతృభాషకు అందులో గౌరవప్రదమైన చోటు ఉంది గాని, రచనల జాబితాలు, అనువాదాలు, మూల్యాంకన ప్రమాణాలు సిద్ధం చేయవలసినది తెలుగు అధ్యాపకులే. సుగ్గికి వెళ్లే పిల్లవాడిని బడిలో నిలపలేనంతకాలం ఏ పాఠ్యప్రణాళిక అయినా అతనికి అందని ద్రాక్షే.