కడపకు వచ్చిన బ్రౌన్ దొర

పిల్లలూ, తెలియని ఊరికి వెళ్ళి, అక్కడివారి మాట కూడా మీకు సరిగా రాకపోతే ఏం చేస్తారు?

గండికోట వున్న కడప జిల్లాకు 1820లో అట్లాంటి ఇంగ్లీషు యువకుడు ఒకడు వచ్చాడు. పేరు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఇరవై రెండేళ్ళయినా నిండలేదు. కలెక్టరుకు సహాయకుడుగా ఉద్యోగం. మద్రాసులో కొద్దిగా తెలుగు చదివాడు గాని, అది చాలలేదు.

మరొకరైతే దుబాసీని పెట్టుకుని ఊరుకునేవారు. బ్రౌన్ మాత్రం పండితుల దగ్గర శిష్యుడై కూర్చున్నాడు. కడపలో పేదపిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు పెట్టాడు. తాటాకు పుస్తకాలు పాడైపోతూ వుంటే, పండితులకు జీతాలిచ్చి, వాటిని కాగితాలపై రాయించాడు. ఇందుకు అప్పులు కూడా చేశాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో ఆయన నిఘంటువు వెలువడింది.

1855లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. తరవాత లండనులో తెలుగు ఆచార్యుడయ్యాడు. కడపలో నేర్చుకున్న శిష్యుడు అక్కడ గురువయ్యాడన్నమాట!

కడపలో ఆయన వుండిన చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం వున్నది. గండికోటకు వెళ్ళినప్పుడు అదికూడా చూసి రండి. మీ తరగతిలోకి మన మాట రాని పిల్లవాడెవడైనా వస్తే నవ్వకండి. బ్రౌన్‌కు ఓపికగా తెలుగు నేర్పిన పండితులను తలుచుకుని, వాడిని పక్కన కూర్చోబెట్టుకోండి.