కంటపడకముందే చదివిన జీవి

డీఎన్ఏలోని అక్షరాల వరుసను చదివే పద్ధతిని కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ బృందం ప్రకటించిన 1977లోనే, గలపగోస్ దీవుల దగ్గర ఆల్విన్ అనే జలాంతర్గామిలో దిగిన శాస్త్రజ్ఞులు దాదాపు 2,500 మీటర్ల లోతున, వెలుగు సోకని చోట, వేడినీటి ఊటల చుట్టూ కిక్కిరిసిన జీవరాశిని కనుగొన్నారు.

నకలు తయారవుతున్న డీఎన్ఏ గొలుసు ఏ, టీ, జీ, సీ అనే నాలుగు క్షారాలలో ఏదో ఒకదాని దగ్గర ఆగిపోయేలా చేసి, అలా ఆగిన తునకలను పొడవు వరుసలో పేర్చి క్రమాన్ని రాబట్టడం సాంగర్ పద్ధతి. మొదట చేతులతో సాగిన ఈ పనిని 1980ల చివరినాటికి రంగుల వెలుగును లేజరుతో గుర్తించే సీక్వెన్సర్ యంత్రాలు అందుకున్నాయి. ఇక అగాధంలోని సూక్ష్మజీవుల సంగతికి వస్తే, వాటిలో అత్యధికం ప్రయోగశాలలో పెరగవు. పెరగని జీవిని గురించి, పెంచి పరిశీలించే పాత పద్ధతులు చెప్పగలిగింది బహు స్వల్పం.

తూర్పు పసిఫిక్‌లో 2,600 మీటర్ల లోతున దొరికిన మెథనోకాల్డోకాకస్ జన్నాషీ పెంపకానికి లొంగిన అరుదైన జీవి. దాని జీనోమ్‌ను, అంటే మొత్తం జన్యుసమాచారాన్ని, 1996లో చదివితే, సుమారు 1,700 జన్యువుల్లో సగానికి పైగా వాటి పనేమిటో అంతుపట్టలేదు. బాక్టీరియాకు వేరుగా ఆర్కియా అనే జీవశాఖ ఉందని కార్ల్ వోస్ 1977లో చేసిన ప్రతిపాదనకు మాత్రం గట్టి బలం చేకూరింది.

లక్షలాది తునకలను ఒకేసారి చదివే యంత్రాలు వచ్చాక, జీవులను విడదీయకుండానే బురదలోని డీఎన్ఏనంతా చదివి, ఏ తునక ఏ జీవిదో కంప్యూటరుతో కూర్చే మెటాజీనోమిక్స్ సాధ్యమైంది. గ్రీన్‌లాండ్, నార్వేల నడుమ ‘లోకీ కోట’ అనే వేడినీటి ఊటలకు 15 కిలోమీటర్ల దూరాన, 3,283 మీటర్ల లోతు నుంచి తీసిన బురదను ఇలా చదివిన తీజ్ ఎట్టెమా బృందం 2015లో లోకీ ఆర్కియాను ప్రకటించింది. మనిషికీ చెట్టుకూ పుట్టగొడుగుకూ ఉన్నటువంటి, కేంద్రకం గల కణాలకే ప్రత్యేకమనుకున్న ప్రోటీన్ల జన్యువులు, కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్‌తో సహా, అందులో కనిపించాయి. అయితే ఆ జీవిని చూసినవారెవరూ లేరు గనుక, వేరే జీవుల డీఎన్ఏ కలిసిపోయిందేమోనన్న ఆక్షేపణ వచ్చింది. అది న్యాయమైన ఆక్షేపణే.

జవాబుకు అపారమైన ఓపిక అవసరమైంది. జపాన్ చెంత నన్‌కై సముద్రద్రోణిలో 2006లో తీసిన బురదను హిరోయుకి ఇమాచి బృందం మీథేన్ అందిస్తూ ఏళ్ల తరబడి పోషించి, పన్నెండేళ్ల శ్రమ తరువాత, రెట్టింపు కావడానికి 14 నుంచి 25 రోజులు పట్టే, తోడు సూక్ష్మజీవి లేనిదే బతకని ఒక లోకీ ఆర్కియాను పెంచగలిగి, 2020లో ఆ వివరాలు ప్రచురించింది. సూక్ష్మదర్శినిలో అది మిల్లీమీటరులో సుమారు రెండువేలో వంతు ఉండే గుండ్రని కణం. జన్యువులను చదివి కొందరు ఊహించినట్టు లోపల అరలేవీ కనిపించలేదు గాని, వెలుపలికి కొమ్మలు వేస్తూ సాగిన పొడవాటి చేతులున్నాయి. వాటి సంగతి ఆ అక్షరాలలో ఎవరూ ముందుగా చదవలేదు.