నీళ్లు పీల్చే బ్రేక్ ఆయిల్

తొలినాళ్ల కార్లలో పెడల్ బలాన్ని చక్రాలకు చేర్చే పని ఇనుప కడ్డీలు, తీగలు చేసేవి. ఒక పక్క తీగ కాస్త సాగినా ఆ పక్క చక్రం ఆలస్యంగా పట్టేది, బండి రెండో వైపుకు లాగేసేది. మూసి ఉన్న ద్రవాన్ని ఎక్కడ నొక్కినా ఆ పీడనం అన్ని వైపులకూ ఒకేలా వ్యాపిస్తుందని పదిహేడో శతాబ్దంలోనే పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రాన్ని పట్టుకుని అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ ద్రవంతో పనిచేసే బ్రేకులు తయారుచేశాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ అవే బ్రేకులతో వచ్చింది. 1924లో క్రైస్లర్ ఇంజినీర్లు ద్రవం కారిపోకుండా రబ్బరు కప్పులు అమర్చి వాటిని నమ్మకమైన వస్తువుగా మార్చారు. ఫోర్డ్ మాత్రం 1939 మోడళ్ల దాకా ఆగింది.

గొట్టంలో ఏం పోయాలన్నదే అసలు చిక్కు. నీళ్లు పోస్తే తుప్పు పడుతుంది, చలికి గడ్డకడతాయి, 100 డిగ్రీలకే మరుగుతాయి. పెట్రోలియం నూనె పోస్తే ఆనాటి సహజ రబ్బరు ఉబ్బి పాడైపోయేది. రబ్బరుతో పేచీ లేనిదీ, లోపలి పిస్టన్లు అరగకుండా కాపాడేదీ ఆముదం. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలలో రైతులు పండించే ఆ గింజల నూనే ఎన్నో దేశాల కార్లను ఆపింది. ఉత్త ఆముదం మరీ చిక్కన కాబట్టి అందులో ఆల్కహాల్ కలిపేవారు. సోవియట్ కార్లలో దశాబ్దాల పాటు వాడిన ఎర్రటి బ్రేక్ ద్రవంలో సగం ఆముదం, సగం బ్యుటనాల్. గడ్డు చలిలో అది ముద్దకట్టేది. వేడిలో దాని కష్టం ఇంకా పెద్దది. బ్యుటనాల్ 118 డిగ్రీలకే మరుగుతుంది.

మరగడం అంత ప్రమాదం ఎందుకో తిరుమల కొండ దిగే కారును చూస్తే తెలుస్తుంది. మనుషులతో కలిపి 1,200 కిలోల బండి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. అలా దిగడంలో విడుదలయ్యే శక్తంతా బ్రేకుల్లోకే పోతే పాతిక లీటర్ల నీళ్లు మరిగేంత వేడి పుడుతుంది. కొంత గాలికి పోతుంది, కొంత బ్రేక్ ప్యాడ్లను నొక్కే కాలిపర్ గుండా ద్రవానికి చేరుతుంది. ద్రవం ఒక్కచోట ఆవిరైనా చాలు. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు. బ్రేకులు చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, పెడల్ మామూలుగా గట్టిపడుతుంది. అందుకే తర్వాత బండిని ఎవరు పరీక్షించినా లోపం కనిపించకపోవచ్చు. ఘాట్‌లో రెండో గేరులో దిగమని పెద్ద డ్రైవర్లు పట్టుబట్టేది ఇందుకే. అలా దిగితే బరువులో చాలా భాగం ఇంజిన్ మోస్తుంది.

ఆముదం స్థానంలోకి వచ్చినవి గ్లైకాల్ ఈథర్లు. ఇవాళ మన బండ్లలో ఉండేవి దాదాపు అవే. వీటికి మరుగు స్థానం ఎక్కువ, చలికి గడ్డకట్టవు. అయితే గాలిలోని తేమను పీల్చుకుంటాయి. రబ్బరు గొట్టాల గుండా, రిజర్వాయర్ మూతకుండే గాలి రంధ్రం గుండా నీరు రోజూ కొంచెం కొంచెం లోపలికి చేరుతుంది. అందుకే అమెరికా రవాణా శాఖ పెట్టిన డాట్ ప్రమాణాల్లో ప్రతి రకానికీ రెండు అంకెలు ఉంటాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక 140 డిగ్రీల దాకా నిలిస్తే చాలు. బోరేట్ ఎస్టర్లు కలిపిన డాట్ 4కు అవి 230, 155. డాట్ 5.1కు 260, 180. మొదటి అంకె కొత్త ద్రవానిది. బండి నడిపేవారికి అక్కరకొచ్చేది రెండోది.

నీటిని అసలు పీల్చని ద్రవమే ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. సిలికాన్‌తో అలాంటిదీ చేశారు. అదే ఊదా రంగు డాట్ 5. పెయింట్ మీద ఒలికినా మరక పడదు. అమెరికా సైన్యం వాడింది, హార్లీ డేవిడ్సన్ చాలా ఏళ్లు తన మోటారు సైకిళ్లలో పోసింది. అయినా అది అందరి బండ్లలోకీ రాలేదు. ద్రవం నీటిని పీల్చనంత మాత్రాన నీరు లోపలికి రావడం ఆగదు కదా! కలవని నీరు చుక్కలు చుక్కలుగా అట్టడుగుకు, అంటే చక్రం దగ్గరి సిలిండర్లోకి, జారి కూర్చుంటుంది. అన్నిటికంటే వేడెక్కే చోటు అదే. ఆ చుక్క 100 డిగ్రీలకే మరుగుతుంది, ఉన్నచోటనే తుప్పు పట్టిస్తుంది. గ్లైకాల్‌లో చేరిన నీరు మొత్తం ద్రవంలో పలచగా పరుచుకుంటుంది కాబట్టి మరుగు స్థానం మెల్లగా పడిపోతుంది, హఠాత్తుగా కాదు. మనం లోపమని తిట్టుకునే గుణమే నిజానికి మనల్ని కాపాడుతోంది. సిలికాన్‌లో గాలి బుడగలు కూడా సులువుగా చిక్కుకుంటాయి. సెకనుకు ఎన్నోసార్లు వాల్వులు తెరిచి మూసే ఏబీఎస్‌కు అది పడదు.

పేర్ల దగ్గర మాత్రం పెద్ద పొరపాటే జరిగింది. డాట్ 5 సిలికాన్, డాట్ 5.1 గ్లైకాల్. చూస్తే అన్నదమ్ముల్లా కనిపించే ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. డాట్ 3, 4, 5.1 మాత్రం తమలో తాము కలుస్తాయి. సిట్రోయెన్ కార్లది ఇంకో దారి. వాటిలో బ్రేకులు, సస్పెన్షన్ ఒకే ద్రవంతో నడిచేవి. 1960లలో ఆ సంస్థ ఆకుపచ్చ ఖనిజ నూనెకు మారి సీళ్ల రబ్బరు కూడా మార్చేసింది. ఆ నూనె మన బండిలో పోస్తే సీళ్లు ఉబ్బుతాయి, ఇంజిన్ ఆయిల్ పోసినా అంతే.

షెడ్డులో బ్రేక్ ఆయిల్ మార్చడం ఒకసారి దగ్గరుండి చూడండి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్ వదులు చేస్తారు. దానికి తగిలించిన సన్నటి పారదర్శక గొట్టంలో ముందుగా టీ డికాక్షన్ రంగు ద్రవం, మధ్యమధ్య బుడగలు, ఆ తర్వాత తేనె రంగు కొత్త ద్రవం వస్తాయి. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, లేదంటే గాలి లోపలికి లాగేస్తుంది. రిజర్వాయర్‌లో మట్టం తగ్గితే పైన కాస్త పోసి సరిపెట్టడం మన దగ్గర మామూలు. చక్రం దగ్గరున్న పాత ద్రవం దానివల్ల మారదు. ఆ మట్టం తగ్గడం చాలాసార్లు ప్యాడ్లు అరిగాయని కూడా చెబుతుంది. సగం వాడి అల్మారాలో పెట్టిన డబ్బాలో ద్రవం కూడా తేమ పీల్చుకునే ఉంటుంది. సీలు తీయని చిన్న డబ్బా కొనడం మేలు. ఏ రకం పోయాలో రిజర్వాయర్ మూత మీదే అచ్చువేసి ఉంటుంది.

విద్యుత్ కార్లలో వేగాన్ని చాలావరకు మోటారే తగ్గించి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. ప్యాడ్లు ఏళ్ల తరబడి అరగవు. అయినా ద్రవం తేమ పీల్చడం కాలాన్ని బట్టి సాగుతుంది కాబట్టి, ఇంజిన్ ఆయిలే లేని ఆ కార్ల సర్వీసు పుస్తకంలో కూడా బ్రేక్ ఆయిల్‌కు గడువు రాసే ఉంటుంది. చాలా బండ్లకు అది రెండేళ్లు.