బొటనవేలు కొండెక్కితే మన మట్టి గుర్తొచ్చింది

ఎండాకాలంలో మీ చేను నెర్రెలు విచ్చినప్పుడు ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని చూడండి. ఆ నల్లమట్టికి చుట్టాలు సముద్రం అవతల మారిషస్ దీవిలో ఉన్నారంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు, ఆ కొండ ఎక్కేదాకా.

కొండ పేరు లె పూస్. ఫ్రెంచి భాషలో బొటనవేలు అని అర్థం. ఎత్తు 812 మీటర్లు. మోకా వైపు నుంచి దారి చెరకు తోటల మధ్య మొదలవుతుంది. కాస్త పైకి పోయాక రెండు పక్కలా అడవి జామ పొదలు. పండు బాగానే ఉంటుంది గానీ అక్కడి అడవికి అదే పెద్ద కలుపు, మనకు వయ్యారిభామ ఎలాగో అలాగ. చివర నిట్టనిలువు బండ, చేతులతో పట్టుకుని పాకాలి. నేను మామూలు చెప్పులతో వెళ్ళాను. దిగేటప్పుడు తడి మట్టిలో జారి చతికిలపడ్డాను. మీరు వెళ్తే బూట్లు వేసుకోండి.

నాతో వచ్చిన పెద్దాయన ముత్తాతలు కోరంగి రేవులో ఓడెక్కినవాళ్ళు. 1834 తర్వాత మన దేశం నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది చెరకు తోటల్లో కూలికి ఆ దీవికి వెళ్ళారు. అందులో మన కోస్తావాళ్ళూ ఉన్నారు. ఉగాది అక్కడ ఇప్పటికీ సెలవు దినం. పైనుంచి చూస్తే చెరకు మళ్ళ మధ్య గుట్టలు గుట్టలుగా నల్లరాళ్ళు కనపడతాయి. అగ్నిపర్వతం కక్కిన రాళ్ళవి. వాటిని ఏరి, మోసి, కుప్ప పోస్తే గానీ చెరకు ముచ్చె నాటడానికి జాగా లేదు. బానిసలు కొంత, తర్వాత మన కూలీలు కొంత ఏరారు.

ఇప్పుడు చుట్టరికం సంగతి. 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కను మీద లావా పొంగి పొరలు పొరలుగా పరుచుకుంది. ఆ లావాకు కారణమైన వేడి చోటే తర్వాత సుమారు 80 లక్షల ఏళ్ళ కిందట మారిషస్‌ను లేపిందనీ, ఇప్పుడు పక్కనున్న రీయూనియన్ దీవి కింద రగులుతోందనీ భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. పొయ్యి కదల్లేదు, మీద పెనమే జరిగింది. మన కృష్ణమ్మ పుట్టిన మహాబలేశ్వరం ఆ లావా రాతి మీదే ఉంది. ఆ రాయి అరిగి ఒండ్రుగా మారి దివిసీమ దాకా వచ్చింది. అక్కడ వానలెక్కువ కాబట్టి అదే రాయి ఎర్రమట్టి అయింది. మనకు నల్లగా మిగిలింది. ఇంద్రకీలాద్రి మాత్రం అగ్నిపర్వతం కాదు, దాని రాయి వేరు.

అసలు చెప్పదలచుకున్నది ఇది. ఆ ఒండ్రు ఇప్పుడు మునుపటిలా రావడంలేదు. ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ డ్యాముల వెనక చాలావరకు పేరుకుపోతోంది. మీ చేలో ఉన్నదే ఉన్నది. అయినా మెరక తోలకానికని ట్రాక్టర్లవాళ్ళు వస్తే అడుగు లోతు పైమట్టి అమ్ముకుంటున్నాం. ఆ డబ్బు ఒక పెళ్ళి ఖర్చుకు కూడా చాలదు, పోయిన మట్టి మనవడి కాలానికీ తిరిగిరాదు. మిషను కోత అయ్యాక గడ్డి తగలబెట్టడం ఇంకో పాపం. నీటి వసతి ఉంటే నాట్లకు ముందు జీలుగో జనుమో చల్లి పూతదశలో కలియదున్నండి. పశువులున్నవాళ్ళు పెంటపోగు చేనికి తోలండి. పొలంలో దొరికేదానికి కొట్టులో డబ్బు పెట్టక్కర్లేదు కదా.

కొండ మీద కూర్చున్నప్పుడు పెద్దాయన మా ఊళ్ళో ఏం పండిస్తారని అడిగాడు. వరి, కోతయ్యాక మినుము అన్నాను. రాళ్ళు ఏరడానికి ఎన్నాళ్ళు పడుతుందన్నాడు. మా చేలల్లో రాళ్ళుండవన్నాను. ఆయన నావైపు చూసి నవ్వాడు. నమ్మలేదనుకుంటా.