చిల్లా 40 రోజులు, టీకా 42వ రోజు: పుట్టింటికీ అత్తింటికీ మధ్య తప్పిపోయే తేదీలు

పెద్ద అంబర్‌పేట్: బిడ్డ పుట్టిన ఇంట్లో మొదటి ఏడాదంతా రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి పెద్దవాళ్ల లెక్క. పుట్టగానే చెవిలో అజాన్, ఏడో రోజు అఖీఖా, నలభయ్యో రోజు చిల్లా స్నానం, ఆరో నెలలో ఖీర్ చటాయి. రెండోది ఆస్పత్రి ఇచ్చిన కార్డు లెక్క. పుట్టగానే బీసీజీ, ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు టీకాలు, తొమ్మిది నెలలు నిండగానే ఎమ్మార్. ఈ రెండు లెక్కలకు మధ్య గొడవేమీ లేదు. చిక్కంతా బిడ్డ ఇల్లు మారినప్పుడే వస్తుంది.

మొదటి కాన్పు పుట్టింట్లో అనేది ముస్లిం కుటుంబాల్లోనే కాదు, తెలుగు ఇళ్లన్నింటిలో ఉన్న పద్ధతే. కాకపోతే పెద్ద అంబర్‌పేట్, కుంట్లూరు, పసుమాముల, తట్టిఅన్నారం వైపు ఇది ఇంకాస్త ఎక్కువ తిరుగుడు పెడుతుంది. ఇక్కడ పోర్షన్‌లో అద్దెకుండే చాలామంది యువ దంపతుల పెద్దవాళ్లు సిటీ లోపలే ఉన్నారు. దాదీ సైదాబాద్‌లో, నానీ యాకుత్‌పురాలో ఉంటే, బిడ్డ తండ్రి మాత్రం హైవే మీద పనిచేస్తుంటాడు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021-22లో బాటసింగారానికి తరలించాక, పండ్ల వ్యాపారంతో బతికే కుటుంబాలకు విజయవాడ హైవే రోజూ తిరిగే దారి అయింది. తెల్లవారకముందే లోడు దిగే పని కాబట్టి, పొద్దున పూట ఇంట్లో బిడ్డా తల్లీ ఇద్దరే మిగులుతారు.

జాబితాలో పేరు ఎక్కడ ఉంటుంది?

గర్భిణి పేరును మొదట రాసుకునేది ఆమె ఉంటున్న ప్రాంతంలోని ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. ఏ టీకా ఎప్పుడు వేయాలో గుర్తు చేసేది కూడా వాళ్లే. అయితే కాన్పు పేట్లబుర్జ్ ప్రసూతి ఆస్పత్రిలోనో, ఓ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లోనో అవుతుంది. ఆ తర్వాత నలభై రోజులు నానీ ఇంట్లో గడుస్తాయి. ఇక్కడి ఆశా "ఆమె పుట్టింటికి వెళ్లింది, అక్కడే వేయిస్తారులే" అనుకుంటుంది. అక్కడి ఆశా దగ్గర ఆమె పేరే ఉండదు. ఇంట్లో వాళ్లేమో "చిల్లా అయ్యాక మీ ఇంటికి వెళ్లి వేయించుకోండి" అంటారు. ఎవరూ కావాలని తప్పు చేయలేదు, కానీ మొదటి డోసు తేదీ దాటిపోతుంది.

ఒక ఉదాహరణ చూస్తే సులువుగా అర్థమవుతుంది. 2025 అక్టోబర్ 1 బుధవారం బిడ్డ పుట్టిందనుకుందాం. ఏడో రోజు అక్టోబర్ 7 మంగళవారం. నలభయ్యో రోజు నవంబర్ 9 ఆదివారం. ఆరు వారాలు నిండేది నవంబర్ 12 బుధవారం. అంటే చిల్లా స్నానానికీ మొదటి పెద్ద టీకాకూ మధ్య తేడా మూడు రోజులే. సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే సామాను సర్దుకోవడం, ఇల్లు మారడం, చుట్టాలు రావడం అన్నీ జరుగుతాయి.

దీనికి ఉపాయం పెద్దదేం కాదు. చిల్లా తేదీ రాసుకునే క్యాలెండర్‌లోనే నవంబర్ 12 కూడా రాసుకోవాలి. ఆ రోజు ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి దగ్గరి సెంటర్‌లో వేయించేయాలి. ప్రభుత్వ టీకా ఎక్కడైనా ఒకటే, ఎక్కడైనా ఉచితమే. కార్డు చేతిలో ఉంటే "మీది ఈ ఏరియా కాదు" అని వెనక్కి పంపాల్సిన పనే లేదు. కేంద్రం తెచ్చిన యూ-విన్‌లో ఫోన్ నంబర్‌తో బిడ్డ పేరు నమోదు చేసుకుంటే, వేసిన డోసుల వివరాలు వేరే ఊళ్లో కూడా కనిపిస్తాయి. అయినా కాగితం కార్డును పారేయొద్దు. రెండు వైపులా ఫోటో తీసి అమ్మ ఫోన్‌లోనూ అబ్బా ఫోన్‌లోనూ పెట్టుకుంటే, కార్డు నానీ ఇంటి అల్మారాలో ఉండిపోయినా ఇబ్బంది ఉండదు.

తెలంగాణలో ప్రభుత్వ సెంటర్లలో టీకాలు వేసేది ముఖ్యంగా బుధ, శనివారాల్లో. పుట్టిన వారం గుర్తుంటే చాలు. బుధవారం పుట్టిన బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాలు కూడా బుధవారమే నిండుతాయి. వేరే వారం పుట్టినవాళ్లు ఆ తర్వాత వచ్చే బుధవారమో శనివారమో వెళ్లాలి.

ఏ రోజు ఏం వేస్తారు?

పుట్టినప్పుడు: బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఇందులో హెపటైటిస్-బి మొదటి డోసు 24 గంటల్లోపే పడాలి. అఖీఖా ఏడో రోజు కుదరకపోతే తర్వాత చేసుకునే దారి ఉంది. ఈ ఇంజెక్షన్‌కు ఆ వెసులుబాటు లేదు. డిశ్చార్జ్ అయ్యేముందే కార్డులో రాశారో లేదో చూసుకోవాలి.

ఆరు వారాలకు: పెంటావాలెంట్, పీసీవీ, ఐపీవీ మూడు ఇంజెక్షన్లు. పోలియో, రోటావైరస్ చుక్కలు.

పది వారాలకు: పెంటావాలెంట్ ఒక్కటే ఇంజెక్షన్, మళ్లీ రెండు రకాల చుక్కలు.

పద్నాలుగు వారాలకు: ఆరు వారాలప్పుడు వేసినవే మళ్లీ.

తొమ్మిది నెలలు నిండాక: ఎమ్మార్ మొదటి డోసు, పీసీవీ బూస్టర్, ఐపీవీ మూడో డోసు, విటమిన్-ఏ ద్రావణం.

పెంటావాలెంట్ అంటే ఒకే సూదిలో ఐదు జబ్బుల నుంచి కాపుదల: డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్. విరేచనాల నుంచి కాపాడే రోటావైరస్ టీకాల్లో ఒకటైన రోటావ్యాక్‌ను తయారు చేసింది హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్. 2015లో అది బయటికొచ్చింది.

ఒక డోసు ఆలస్యమైందని మానేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే వేస్తారు. ఆలస్యమైందని ఏఎన్ఎం రెండు మాటలు అన్నా సరే, వెళ్లడమే మేలు.

"మొదటిసారి జ్వరం వచ్చింది, ఇక వద్దు"

టీకాలు ఆగిపోవడానికి ఇళ్లలో ఎక్కువగా వినిపించే కారణం ఇదే. పెంటావాలెంట్ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ దగ్గర వాపు, ఏడుపు మామూలే. శరీరం టీకాను గుర్తుపట్టి పని మొదలుపెట్టిందనడానికి అది గుర్తు. పారాసిటమాల్ చుక్కలు ఎన్ని వేయాలో బిడ్డ బరువును బట్టి సెంటర్‌లోనే అడిగి రాయించుకోవాలి. సూది వేసిన చోట రుద్దడం, నూనె, పసుపు రాయడం వద్దు. టీకా వేయించాక అరగంట సెంటర్‌లోనే కూర్చోవాలి. జ్వరం బాగా ఎక్కువై తగ్గకపోయినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ పాలు తాగడం మానేసినా, మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి.

ఈ జాగ్రత్త ఎందుకో హైదరాబాద్‌కు బాగా తెలుసు. డిఫ్తీరియాను తెలుగులో కంఠసర్పి అని, ఉర్దూలో ఖునాఖ్ అని అంటారు. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు. దేశంలో చాలాచోట్ల అరుదైపోయిన ఈ జబ్బు మన నగరాన్ని వదల్లేదు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు ఇలాంటి పిల్లలు ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. 2003-06 మధ్య ఈ జబ్బు హైదరాబాద్‌లో ఎందుకు నిలిచిపోయిందని చూసిన ఒక అధ్యయనం 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. ముస్లింలలో జబ్బు ఎక్కువగా, టీకాలు వేయించుకోవడం తక్కువగా ఉన్నట్టు అది చెప్పింది. కేసులు ఎక్కువగా బడి వయసు పిల్లల్లో కనిపించాయి. మొదటి ఏడాది మూడు డోసులు పునాది అయితే, ఏడాదిన్నర దగ్గర, ఐదేళ్లప్పుడు వేసే బూస్టర్లు దాని మీద కట్టే గోడలు. పునాదే సగంలో ఆగితే ఆ గోడలు నిలవవు.

చిల్లాలో బయటికి వెళ్లొచ్చా?

చిల్లా అంటే తల్లికి విశ్రాంతి. ఆ నలభై రోజులు ఆమెను వంటింటికి దూరంగా ఉంచి, వేడి అన్నం పెట్టి, బిడ్డను పెద్దవాళ్లు ఎత్తుకోవడం మంచి సంప్రదాయమే. హనఫీ ఫిఖ్‌హ్‌లో నిఫాస్‌కు గరిష్ఠ గడువు 40 రోజులు. అంతకంటే ముందే శుద్ధి అయితే గుస్ల్ చేసి నమాజ్ మొదలుపెట్టాలి. అది తల్లి ఇబాదత్‌కు సంబంధించిన లెక్క. బిడ్డను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లొద్దని దాని అర్థం కాదు. పుట్టినప్పటి టీకాలు ఏవైనా మిగిలిపోయినా, బిడ్డ ఒళ్లు పసుపెక్కినా, జ్వరం వచ్చినా నలభై రోజులు ఆగకూడదు. తల్లి వెళ్లలేకపోతే తండ్రి, నానీ, ఖాలా ఎవరైనా తీసుకెళ్లొచ్చు.

తహ్నీక్ విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. సున్నత్‌లో ఉన్నది ఖర్జూరం. కొన్ని ఇళ్లలో దాని బదులు తేనె నాకిస్తారు. ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు. అందులో ఉండే సూక్ష్మజీవుల వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. కళ్లకు సుర్మా కూడా పెట్టకపోవడమే మంచిది. చాలా రకాల సుర్మాలో సీసం ఉంటుంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఘుట్టీ, గ్రైప్ వాటర్, నీళ్లు కూడా అవసరం లేదని డాక్టర్లు చెబుతారు. రెండేళ్లు పాలివ్వడం గురించి ఖుర్ఆన్‌లో సూరా బఖరా 233వ ఆయత్‌లో ఉంది. అదే ఆయత్ తల్లి తిండి, బట్టల బాధ్యతను తండ్రి మీద పెట్టింది. పాలిచ్చే తల్లి కడుపునిండా తినడం ఎవరో చేసే దయ కాదు, ఆమె హక్కు.

పేరు, సర్టిఫికెట్, స్పెల్లింగ్

ఈ ఏడాదిలో తప్పిపోయే మరో తేదీ జనన నమోదు. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు అవుతుంది, మీరు ఉండే చోట కాదు. పేట్లబుర్జ్‌లో పుట్టిన బిడ్డ సర్టిఫికెట్ కోసం పెద్ద అంబర్‌పేట్‌లో తిరగడం వల్ల లాభం లేదు. గడువు 21 రోజులు, ఫీజు లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాల్సి వస్తుంది. అఖీఖా రోజున పేరు పెడితే ఈ గడువుకు ఇంకా రెండు వారాలు ఉంటుంది. పేరు ఖరారు కాకపోయినా నమోదు ఆపొద్దు. ఏడాది లోపు ఫీజు లేకుండా పేరు చేర్చుకోవచ్చు.

2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేర్చడం, ఆధార్, పాస్‌పోర్టు, ఓటరు జాబితా, ప్రభుత్వ ఉద్యోగం అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. అందుకే స్పెల్లింగ్ చూసుకోవాలి. తండ్రి ఆధార్‌లో "మొహమ్మద్" పూర్తిగా ఉండి, బిడ్డ సర్టిఫికెట్‌లో "ఎండీ" అని పడితే, పదిహేనేళ్ల తర్వాత మెమోలో, పాస్‌పోర్టులో అది తలనొప్పి అవుతుంది. ఆస్పత్రిలో ఫారం నింపేటప్పుడు తల్లిదండ్రుల ఆధార్ కాపీ చూపించి అందులో ఉన్నట్టే రాయించాలి.

దగ్గరలో ఉన్నవి వాడుకోవాలి

తిరిగొచ్చిన వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. మీ ఏరియా అంగన్‌వాడీ, ఆశా దగ్గర తల్లీబిడ్డల పేర్లు రాయించుకోవాలి. పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా ఆరోగ్య లక్ష్మి కింద ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఉంటాయి. ఏడో నెల నుంచి బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, గుడ్లు ఇస్తారు. ఖీర్ చటాయి చేసిన మర్నాటి నుంచి "ఏం పెట్టాలి" అనే ప్రశ్నకు అక్కడే ఒక జవాబు దొరుకుతుంది. షాపులో డబ్బా సెరియల్ కొనే ఖర్చు కూడా తగ్గుతుంది.

అమ్మీ ఇంటికి వెళ్లి రావడానికి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు. ఆధార్ దగ్గర ఉంచుకుంటే చాలు. టీకాలకు, చెకప్‌లకు 102 అమ్మఒడి వాహనం గురించి ఆశాను అడగాలి.

టీకా రోజు తండ్రి మార్కెట్‌లోనో డ్యూటీలోనో ఉండి, ఇంట్లో ఇంకెవరూ లేకపోతే మూడు సూదులు వేయించుకుని ఏడ్చే బిడ్డతో తల్లి ఒక్కతే ఆటోలో తిరిగి రావాలి. ఆమె తర్వాతి డోసుకు వెనకాడడానికి అది కూడా ఒక కారణం. ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు. ఏడాదిలో నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులు తండ్రి ముందే సెలవు చెప్పుకోగలిగితే, లేదా దాదీ ఒక రాత్రి ముందే వచ్చి ఉండగలిగితే, ఆ కార్డులో ఖాళీ గడి మిగలదు.